పెట్ట రంగు

నా కూతురు పుట్టిన గంటకి మా అమ్మమ్మ దాని చెవి చూసింది. ముఖం తర్వాత చూసింది. పొత్తిగుడ్డల్లోంచి తల కాస్త పక్కకి తిప్పి, కుడి చెవి అంచుని వేలితో మడిచి, కిటికీ వెలుగుకి పెట్టి చూసి మళ్ళీ గుడ్డ కప్పేసింది. పుట్టినప్పుడు పిల్లలందరూ ఎర్రగానే ఉంటారనీ, వాళ్ళ రంగు చెవి అంచులో దాగి ఉంటుందనీ, మూడో నెలకల్లా అది ఒళ్ళంతా పాకుతుందనీ మా వైపు ఆడవాళ్ళకి గట్టి నమ్మకం. మా అత్తగారు, మా అమ్మ, ఇద్దరు పిన్నులు మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. "చెవులు బాగున్నాయి" అంది అమ్మమ్మ. గది తేలికపడింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నేను సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. ప్రబంధాల్లో స్త్రీ వర్ణనల మీద నాలుగేళ్ళు పనిచేసినదాన్ని. స్త్రీ శరీరాన్ని ఎవరు ఎలా చూస్తారన్న విషయం మీద సెమినార్లలో మాట్లాడినదాన్ని. ఆ క్షణంలో నేనూ అందరితోపాటు అమ్మమ్మ నోటి వైపే చూస్తున్నాను.

అమ్మమ్మ మాటకి అంత విలువ ఎందుకంటే, ఆవిడ పుట్టబోయే రంగుని చెప్పగలదని మా ఇంట్లో అందరికీ తెలుసు. మనుషుల్లో కాదు, కోళ్ళల్లో.

భీమవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. ఇంటి ముందు తాతయ్య పుంజులు, ఇంటి వెనక అమ్మమ్మ పెట్టలు. ముందు వాకిట్లో ఒక్కో పుంజుకీ ఒక్కో తాడు, ఒక్కో నీడ, వేళకి మేత, ఈత, ఒళ్ళు పట్టడం. వెనక దొడ్లో పది పన్నెండు పెట్టలు, నూకలు, తవుడు, రాత్రికి గంప. సెలవుల్లో వెళ్ళినప్పుడు తాతయ్య నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని పుంజుల రంగులు వల్లెవేయించేవాడు. నల్లది కాకి. తెల్లది సేతువ. ఎర్రది డేగ. మెడ మీద నలుపూ తెలుపూ ఈకలు సమంగా ఉంటే పర్ల. ఎరుపూ బూడిదరంగూ కలిస్తే మైల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఒక్కో ఈక మీదే మూడు రంగులూ కనిపిస్తే పూల. బంగారు రంగుది అబ్రాసు. రెక్కల మీదో వీపు మీదో పసుపు తేలితే నెమలి. నల్లటి ఒంటి మీద ఇంకో రెండు మూడు రంగులు పడితే కొక్కిరాయి. ఊరు మారితే వీటిలో కొన్నిటి అర్థం కాస్త మారుతుంది, దాని మీద పెద్దవాళ్ళు గంటలు గంటలు కొట్లాడుకుంటారు. నాకు అచ్చుల తర్వాత వచ్చిన రెండో వర్ణమాల అది. అందులో ఎక్కడా పెట్ట లేదని అప్పుడు తోచలేదు.

పరిశోధన చేసే రోజుల్లో క్రీడాభిరామం చదువుతూ ఓరుగల్లు వీధుల్లోని కోడిపందెం దగ్గర ఆగాను. అక్కణ్ణుంచి సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కి వెళ్ళాను, అక్కణ్ణుంచి కుక్కుట శాస్త్రానికి వచ్చాను. సంక్రాంతికి ముందు మా వైపు బజార్లలో పంచాంగాల పక్కన అమ్మే పల్చటి పుస్తకం అది. ఏ నక్షత్రంలో ఏ రంగు ఏ రంగు మీద గెలుస్తుంది, ఏ రోజు ఏ దిక్కుగా పుంజుని వదలాలి అని అందులో పట్టికలుంటాయి. రోజుని జాములుగా విడగొట్టి, ఏ జాములో ఏ రంగు భోజనం చేస్తుందో, ఏది రాజ్యమేలుతుందో, ఏది నిద్రపోతుందో, ఏది మరణావస్థలో ఉంటుందో లెక్క కడతారు. పందెగాళ్ళు ఈ లెక్క చూసుకుని పుంజుని ఎంచుకుంటారు. అంటే ప్రతి రంగుకీ ఒక రోజు వస్తుంది కాబట్టి ప్రతి రంగూ పెరట్లో ఉండాలి. డేగకి డేగని, కాకికి కాకిని కట్టి రంగు నిలబెట్టుకోవడం అందుకే. ఒక్క రంగునే అందలమెక్కించి మిగతావాటిని తుడిచిపెట్టకపోవడానికి ఈ నమ్మకమే కొంత కారణమనిపిస్తుంది. మూఢనమ్మకం వల్ల కూడా ఇలాంటి మేలు జరుగుతుంది. జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది, కోడిపందేల మీద హైకోర్టు 2016లో గట్టిగా చెప్పింది. పుస్తకం మాత్రం ఏటా అచ్చవుతూనే ఉంది.

ఆ పుస్తకాన్ని ఒక సాహిత్య విద్యార్థిగా చదివితే మొదట తట్టేది అందులో పెట్ట లేకపోవడమే. మా వైపు కాకి పెట్ట, డేగ పెట్ట అనే మాటలున్నాయి నిజమే. అవి దాని ఒంటిని చూసి పెట్టిన పేర్లు కావు. డేగ పెట్ట ఎర్రగా ఉండదు, చాలావరకు గోధుమరంగులోనో మట్టిరంగులోనో ఉంటుంది. డేగ పుంజుల వంశంలో పుట్టింది గనక, డేగ పుంజుల్ని కంటుంది గనక డేగ పెట్ట. ఇటు తండ్రి పేరు, అటు కొడుకు పేరు. పల్నాటి కథలో నాగమ్మ పుంజుని సివంగి డేగ అని చెప్పుకుంటారు. దాన్ని కన్న పెట్ట గురించి ఎవరూ చెప్పుకోరు. ఆ మాటకొస్తే యుద్ధం మొత్తాన్నీ నాగమ్మ నెత్తిన వేసిన కథలో పెట్టల గురించి అడగడం అత్యాశే.

పేరు లేదు కదా అని పెట్టని తేలిగ్గా చూస్తారనుకోకండి. తాతయ్య మంచి పుంజుని అమ్మేవాడు, బహుమతిగా కూడా ఇచ్చేవాడు. మంచి పెట్టని మాత్రం ప్రాణం పోయినా ఇచ్చేవాడు కాదు. "పుంజు పోతే పుంజే పోతుంది, పెట్ట పోతే జాతి పోతుంది" అనేవాడు. దాని గుడ్డు కూడా గడప దాటడానికి వీల్లేదు. జాతిని నిలబెట్టడానికి పుంజుని తిరిగి దాని తల్లికే కట్టడమూ చూశాను, కూతురికి కట్టడమూ చూశాను. అమ్మమ్మ పెళ్ళి కూడా సొంత మేనమామతోనే జరిగింది, ఆవిడ వాటాకి వచ్చే కొబ్బరితోట పై ఇంటికి పోకుండా.

కోడినీ ఆడదాన్నీ పక్కపక్కన పెట్టి పోలికలు చెప్పడం చాలా తేలిక. అలాంటి వ్యాసాలంటే నాకే విసుగు. కానీ ఈ పోలిక నేను తెచ్చింది కాదు. మా ఇంట్లో 'జాతి' అనే మాట దొడ్లోనూ పెళ్ళి మాటల్లోనూ ఒకే గొంతుతో పలికేవారు. నేను విన్నదే చెబుతున్నాను.

పందెపు జాతిని అసీలు అంటారు. అరబ్బీలో అసల్ అంటే మూలం, వేరు. దానిలోంచే అసీలు వచ్చింది, మనం రోజుకి వందసార్లు వాడే 'అసలు' కూడా అక్కణ్ణుంచే వచ్చింది. అసలుకి ఎదురుగా నిలబడేది సంకరం. వ్యవసాయశాఖ కరపత్రాల్లో సంకరజాతి విత్తనం, సంకరజాతి ఆవు అని గర్వంగా రాస్తారు. అదే మాట గీత మొదటి అధ్యాయంలో అర్జునుడికి భయం పుట్టిస్తుంది. కులస్త్రీలు చెడితే వర్ణసంకరం అవుతుందని అతని బెంగ. రంగుకీ కులానికీ మనకి ఒకటే మాట, వర్ణం. నా సిద్ధాంత గ్రంథం పేరులో ఉన్న 'వర్ణన' కూడా ఆ ఇంటిదే. నాలుగేళ్ళు దాంతో కాపురం చేసి కూడా ఆ చుట్టరికం నాకు పట్టలేదు.

అసలు కోడి ఏదని వెతుక్కుంటూ పోతే తేలింది ఇంకోటి. మన ఇళ్ళల్లో కోళ్ళన్నీ ఎర్ర అడవికోడి సంతతే అని చాలాకాలం అనుకున్నారు. ఎర్ర అడవికోడికి కాళ్ళు పసుపుగా ఉండవు. ఆ పసుపు రంగు జన్యువు మన దక్షిణాది అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో జన్యు పరీక్షల్లో బయటపడింది. ఎక్కడో, ఎప్పుడో, ఒక ఊరి చివర రెండు జాతులు కలిశాయి. పసుపు కాళ్ళు చూసి "అసలైన జాతి" అని మురిసిపోయిన తాతయ్యకి ఈ మాట చెప్పే అవకాశం నాకు దొరకలేదు. అప్పటికే పోయాడు.

అమ్మమ్మ ఎంపిక వేరుగా ఉండేది. తాతయ్య రంగు చూసేవాడు, ఎత్తు చూసేవాడు, ముక్కు వంపు చూసేవాడు. అమ్మమ్మ చూసేవి ఇవీ: ఇరవయ్యొక్క రోజులూ లేవకుండా పొదుగుతుందా, సొంత గుడ్డు పగలగొట్టుకుని తాగుతుందా, ముంగిస వస్తే ఎదురు తిరుగుతుందా, గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందకి పిలుస్తుందా. రంగు విషయంలో ఆవిడకి ఉన్నది ఒక్కటే పట్టింపు, తెల్లది వద్దు. తెల్లపిల్లని గద్ద ముందు ఎత్తుకుపోతుంది. మట్టిరంగుదీ నల్లదీ నేలలో కలిసిపోయి బతుకుతాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా కోడిని తయారుచేసినప్పుడు దానికి రంగురంగుల ఈకలు ఉండేలా చూసుకోవడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి. నాటుకోడిలా కనిపిస్తే సంతలో ధర పలుకుతుందన్నది ఇంకో కారణం. ఆ మాటే మా అమ్మమ్మనడిగితే పరిశోధన లేకుండానే చెప్పేది.

ఆవిడ దగ్గర ఒక నల్ల పెట్ట ఉండేది. మూడు పొదుగుల్లో ఒక్క పిల్లని కూడా గద్దకి ఇవ్వలేదు. దిష్టి తీయడానికి నల్లకోడి కావాలని ఊళ్ళో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. ఆ రంగు అడవిలో కాపాడుతుంది, ఊళ్ళో చంపుతుంది. అడిగిన ప్రతివాళ్ళకీ "అది పొదుగు మీదుందమ్మా" అని చెప్పి పంపేసేది, పొదుగులో ఉన్నా లేకపోయినా.

ఒకసారి ఆ దొడ్లోనే ఒక ముసలి పెట్ట కూసింది. నాకు పదేళ్ళుంటాయి. అంతకు కొన్నాళ్ళ ముందునుంచే దాని మెడ ఈకలు సాగి మెరవడం, తోక వంపు తిరగడం అమ్మమ్మ గమనించింది, ఎవరికీ చెప్పలేదు. గోధుమరంగు పెట్ట ఒంటి మీద ఎక్కడినుంచో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ తళుకు. నాకది ప్రపంచంలోకెల్లా అందమైన కోడిలా కనిపించింది. ఒక తెల్లారగట్ల అది గొంతెత్తింది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమన్నారు. ఆ సాయంత్రానికి అది లేదు. చాలా ఏళ్ళ తర్వాత పశువైద్య కళాశాలలో చదివిన నా స్నేహితురాలికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోలేదు. కోడిలో మామూలుగా పనిచేసేది ఎడమవైపు అండాశయం ఒక్కటేనట. దానికి జబ్బు చేస్తే ఆడ హార్మోను తగ్గిపోతుంది, తర్వాత వచ్చే ఈకలు పుంజు ఈకల్లా వస్తాయి. అంటే పుంజు మీద మనం చూసే రంగులన్నిటికీ మూలం పెట్టలోనూ ఉంది. ఆ హార్మోను ఉన్నంతకాలం పైకి రాదు, అంతే. డేగ పెట్ట నిజంగానే డేగ. మనకి కనపడదు.

ఆ స్నేహితురాలికే అమ్మమ్మ ఇంకో మాట కూడా చెప్పాను. పశువుల ఆస్పత్రి వాళ్ళు పంచిన మేలురకం పిల్లల్లోంచి నలుపూ తెలుపూ చారల పెట్ట ఒకటి మా దొడ్లో ఉండేది. దాన్ని కాకి పుంజుకి కడితే పుట్టిన పుంజు పిల్లలన్నిటికీ చారలు, పెట్టలన్నీ నల్లగా. "ఈ చారలు కొడుక్కే పోతాయే, కూతురికి రావు" అనేది అమ్మమ్మ. పిల్లలు గుడ్డులోంచి వచ్చిన రోజే తల మీద తెల్లమచ్చ చూసి పుంజులేవో పెట్టలేవో వేరుచేసి చెప్పేది. స్నేహితురాలు నవ్వి ఒక కాగితం మీద గీసి చూపించింది. మనుషుల్లో ఆడో మగో తేల్చేది తండ్రి కణం. కోళ్ళలో తల్లి. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. చారల జన్యువు జెడ్ మీద ఉంటుంది. తల్లి తన జెడ్‌ని కొడుక్కే ఇస్తుంది, కూతురికి డబ్ల్యూ ఇస్తుంది. అందుకే చారలు కొడుక్కే. ఇది ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ళలోనే శాస్త్రజ్ఞులు గుర్తించిన సంగతి. అమ్మమ్మ ఏడెనిమిది పొదుగుల్లో కనిపెట్టింది.

ఈ సంగతి మీద పెద్ద వ్యాపారమే నడుస్తోంది. గోధుమరంగు గుడ్లు పెట్టే సంకరజాతి కోళ్ళలో తల్లినీ తండ్రినీ వాటి రంగులు చూసి జతకడతారు. పొదిగిన రోజే ఆడపిల్లలు గోధుమరంగులో, మగపిల్లలు లేత పసుపులో బయటికొస్తాయి. తెల్లగుడ్ల కోళ్ళలో రంగు బదులు రెక్క ఈకల పొడవు చూస్తారు, సూత్రం అదే. మగవి గుడ్డు పెట్టవు గనక పుట్టిన రోజే వాటిని చంపేస్తారు. ఆడపుటక పుట్టినందుకు బతకనిచ్చే చోటు ఒకటుందని ఒక్క నిమిషం వింతగా అనిపించింది. ఆ తర్వాత వాటిని పెట్టే పంజరం కొలతలు చెప్పింది స్నేహితురాలు.

రంగుల వారసత్వాన్ని శాస్త్రంగా నిలబెట్టిన తొలినాళ్ళ గురించి వెతికినప్పుడు నాకు కేంబ్రిడ్జిలో కొందరు ఆడవాళ్ళు దొరికారు. డోరొతియా మారియాట్ అనే ఆవిడ రంగులు కలిపి చూసిన మొక్క మన దొడ్లలో సాయంత్రం పూసే చంద్రకాంత. ఫ్లారెన్స్ డరమ్ ఎలుకల బొచ్చు రంగుల మీద పనిచేసింది. ఇద్దరూ కలిసి 1908లో కెనరీ పిట్టల్లో రంగు ఆడ మగల్ని బట్టి ఎలా దిగుతుందో రాశారు. విలియం బేట్సన్ పేరు చుట్టూ ఉన్న ఆ బృందంలో ఇలాంటివాళ్ళు చాలామంది. మగవాళ్ళకి దొరికే ఉద్యోగాలు వీళ్ళకి లేవు గనక, కొత్త శాస్త్రం మీద నమ్మకం లేక మగవాళ్ళు అటు రాలేదు గనక ఆ తోటలూ బోనులూ వీళ్ళ చేతికొచ్చాయి. అదే విశ్వవిద్యాలయం ఆడవాళ్ళకి డిగ్రీలివ్వడం మొదలుపెట్టినది 1948లో. ఇది చదివినప్పుడు నాకు పొంగిపోవాలనిపించింది. దొడ్డికీ ప్రయోగశాలకీ మధ్య గోడ కూలిపోయినట్టు ఒక వ్యాసం మొదలుపెట్టాను కూడా.

అది మధ్యలో ఆగిపోవడానికి కారణం చార్లెస్ డావెన్‌పోర్ట్. అమెరికాలో ఆయన కోళ్ళ ఈకల రంగులు, జుట్టులు ఎలా దిగుతాయో పరిశోధించి 1909లో పుస్తకం వేశాడు. 1910లో మనుషుల వంశావళులు సేకరించే కార్యాలయం తెరిచాడు, మేలైన మనుషులే కనాలి, తక్కినవాళ్ళు కనకూడదు అని చెప్పే యూజెనిక్స్ కోసం. 1913లో నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ పుట్టిన పిల్లల చర్మం రంగు మీద ఇంకో పుస్తకం. కోళ్ళ పుస్తకానికీ ఈ పుస్తకానికీ మధ్య నాలుగేళ్ళే. చర్మం రంగు కొలవడానికి వాడింది పిల్లలు ఆడుకునే రంగుల బొంగరం. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు బిళ్ళలు దాని మీద అమర్చి తిప్పితే ఏర్పడే రంగుని మనిషి చేతి పక్కన పెట్టి పోల్చడం. ఆ బొంగరం పట్టుకుని ద్వీపాల్లో ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకొచ్చినది కూడా ఒక స్త్రీయే. ఆ వాక్యం దగ్గర నా వ్యాసం ఆగింది. నాకు అమ్మమ్మ వేలు గుర్తొచ్చింది, చెవి అంచు మడిచిన వేలు.

నిజానికి అంతకు ముందే ఆగాల్సిన చోటు ఒకటుంది. దాన్ని దాటేసి వెళ్ళిపోదామనే ఇంత దూరం తిరిగాను.

నాకు ఇరవయ్యారేళ్ళప్పుడు, సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయం రాస్తుండగా ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి కూడా నా రంగే, ఇంకాస్త నలుపేనేమో. వాళ్ళమ్మ నాతో ఆప్యాయంగా మాట్లాడింది. ఏం చదువుతున్నావమ్మా అని అడిగి, చెప్పింది విని, లేచేటప్పుడు మా అమ్మతో గుమ్మం దగ్గర మెల్లగా అంది. "పిల్ల బంగారం వదినా. మావాడు కూడా తెలుపైతే ఆలోచించేవాళ్ళం కాదు. ఇద్దరూ ఇలా ఉంటే రేపు పుట్టేవాళ్ళు..." అక్కడితో ఆపేసింది. నేను లోపల కాఫీ గ్లాసులు సర్దుతున్నాను.

వాళ్ళు వెళ్ళాక అమ్మ ఏడ్చింది, మావయ్య తిట్టాడు. నేను అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. నల్ల పెట్టని ఎవరికీ ఇవ్వని మనిషి ఏదో ఒక మాట అంటుందని వెళ్ళాను. ఆవిడ దొడ్లో పొదుగుకి గుడ్లు ఎంచుతోంది. ఒక్కో గుడ్డునీ దీపానికి అడ్డం పట్టి చూసి, మంచిదైతే బొగ్గుతో గీత పెట్టి గంపలో పెడుతోంది. తలెత్తకుండా అంది: "ఆవిడ లెక్కలో తప్పేముందే అమ్మాయ్."

ఆ రాత్రే హాస్టల్‌కి వెళ్ళిపోయాను. ఆ మాట నన్ను కోసినంతగా గుమ్మం దగ్గరి మాట కోయలేదు. ప్రబంధ నాయిక మేనిఛాయని సంపెంగతో, మెరుపుతో, బంగారంతో ఎన్ని విధాల పోల్చారో వర్గీకరించిన నా మూడో అధ్యాయాన్ని మళ్ళీ తెరిచినప్పుడు అది ఏదో సంబంధాల పేరయ్య దగ్గరి ఎంపిక పట్టికలా కనిపించింది. ఆ అధ్యాయాన్ని మొత్తం తిరగరాశాను. వైవాలో పరీక్షకులు మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. ఎందుకంత కోపంగా రాశావని మాత్రం ఒకాయన అడిగారు.

ఆ తర్వాత నేను నాకు నచ్చినవాణ్ణి చేసుకున్నాను. కులం వేరు. "జాతి కలిసిపోయింది" అన్నాడు మావయ్య, పెళ్ళికి రాలేదు. మా అత్తగారు కులం పట్టించుకోలేదు గానీ, తొలిచూలని తెలిసిన రోజు నుంచి నాకు కుంకుమపువ్వు పాలు ఇచ్చింది. నేను తాగాను. మన ఆదర్శాలు ఏ గ్లాసు దగ్గర ఓడిపోతాయో ముందు తెలీదు. 2020లో ఒక పెద్ద పెళ్ళిసంబంధాల వెబ్‌సైటు వెతుకులాటలోంచి ఒంటిరంగు గడిని తీసేసిందని, ఒక ముఖం క్రీము పేరు మార్చుకుందని స్నేహితులందరూ సంబరంగా పంపించారు. నేనూ సంతోషించాను. మా ఇంట్లో ఆ గడి చెవి అంచు మీద ఉంటుంది కదా, దాన్నెవరు తీయాలి?

నా కూతురికి ఇప్పుడు ఏడేళ్ళు. నల్లగా ఉంటుంది. నాకంటే ఒక పిసరు ఎక్కువే. మూడో నెలలోనే తెలిసిపోయింది, ఐదో నెల వచ్చేసరికి అందరూ మాట్లాడటం మానేశారు. సున్నిపిండి నలుగు మాత్రం ఏడాది పాటు నడిచింది. "అమ్మ లెక్క తప్పడం ఇదే మొదటిసారి" అనేది మా అమ్మ, కొంచెం నిష్ఠూరంగా, అమ్మమ్మ తనని మోసం చేసినట్టుగా.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళాం. మావయ్య కొడుకులు పుంజుల్ని కారులో ఎక్కించుకుని బరికి వెళ్ళిపోయారు. ముందు వాకిలి ఖాళీ. అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్ళు, చూపు బాగా తగ్గింది, పెట్టలు నాలుగే మిగిలాయి. తక్కిన వాటిని ఊళ్ళో ఆడవాళ్ళకి వాటాకి ఇచ్చేసింది, పిల్లలయ్యాక చెరిసగం. నా కూతురు ఆవిడ పక్కన చేరి, గుడ్లు దీపానికి పెట్టి చూడటం నేర్చుకుంటోంది. బొగ్గు గీతలు అదే పెడుతోంది, కొన్నిటి మీద కళ్ళూ ముక్కూ కూడా.

పాప లేచి వెళ్ళాక అడిగాను. పదేళ్ళ కిందటి మాట అడగలేదు. ఏడేళ్ళ కిందటిది అడిగాను. "ఆస్పత్రిలో దీని చెవి చూసి బాగున్నాయన్నావు. ఎలా తప్పింది అమ్మమ్మా?"

"తప్పలేదే" అంది. "నేను చూశానుగా. చెవి అంచు నల్లనువ్వులా ఉంది."

"మరి?"

"మరేంటి. నీ అత్త పక్కనే ఉంది. మీ అమ్మ నిలబడలేక గోడ పట్టుకునుంది. నువ్వేమో పచ్చి బాలింతవి." కాసేపు ఏదో తడుముకుంటున్నట్టు ఊరుకుంది. "మీ అమ్మ పుట్టినప్పుడు మా అత్త చెవి చూసి తెలుపేనంది. ఆ పూట నాకు అన్నంలో నెయ్యి వేశారు. నీ పెద్ద పిన్ని పుట్టినప్పుడు చూసి ఏమీ అనకుండా బయటికెళ్ళిపోయింది. పదకొండు రోజులు ఎవరూ నా గదిలోకి రాలేదు. పాలు పడలేదు నాకు. నీకు మూడు నెలలైనా వస్తాయి కదాని."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. చీకటి పడుతోంది. పెట్టలు గుమ్మం దగ్గరికి వచ్చేశాయి. "ఆ నల్లదెక్కడుందో చూడవే, నాకు కనపడదు" అంటూ గంప కోసం గోడ తడుముతోంది.